అపార్ట్‌మెంట్ ఫైర్ సిస్టమ్: బాధ్యత ఎవరిదో తేల్చుకోవడం ఎలా?

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఫైర్ పంపుల ప్యానెల్ మీద ఒక స్విచ్ ఉంది. అది ఆటోలో ఉంటే పైపులో ప్రెషర్ పడిపోగానే పంపు దానంతటదే తిరుగుతుంది. మాన్యువల్‌లో ఉంటే ఎవరో ఒకరు పరుగెత్తుకెళ్లి నొక్కాలి. ఆరేడు నెలలుగా అది మాన్యువల్‌లోనే ఉందని ఒకరోజు అనుకోకుండా చూశాను. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే, "ఎక్కడో లీకుంది సార్. ఆటోలో పెడితే చిన్న పంపు రాత్రంతా ఆగుతా తిరుగుతా ఉంటది. కింది ఫ్లాటు మేడమ్‌ నిద్ర పట్టట్లేదన్నారు" అన్నాడు.

కమిటీని అడిగితే బిల్డర్ చూడాలన్నారు. బిల్డర్ మనిషి హ్యాండోవర్ (భవనాన్ని అసోసియేషన్‌కి అప్పగించడం) అయిపోయింది కదా అన్నాడు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కుర్రాడు పైపులు మా స్కోప్‌లో లేవన్నాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, అదే చిక్కు. ఇలాంటి చోట ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో నేను నేర్చుకున్నది ఇది.

1. మీ బిల్డింగ్ ఏ నిబంధన కిందికి వస్తుందో చూడండి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మూలం 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టమే. నివాస భవనం ఎత్తు 18 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఉండాలి. కట్టే ముందు ప్లాన్ చూసి ఒకటి ఇస్తారు. కట్టాక పంపులు, పైపులు, మెట్లు అన్నీ ఉన్నాయో లేదో చూసి రెండోది ఇస్తారు. మీకు కావలసింది ఈ రెండోది. చాలామంది మొదటిదే చూసి తృప్తిపడిపోతారు. రెండోదాని మీద రాసిన షరతులన్నీ చదవండి, చెల్లుబాటు తేదీ ఉంటే గుర్తుపెట్టుకోండి. ఏయే పరికరాలు ఎన్ని ఉండాలి అనే సాంకేతిక లెక్కలు నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో 4వ భాగంలో ఉంటాయి.

2. హ్యాండోవర్ ఏ దశలో ఉందో తేల్చండి

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం అసోసియేషన్ మెయింటెనెన్స్ తీసుకునేదాకా ముఖ్యమైన సేవలన్నీ బిల్డరే నడపాలి. దానికి సహేతుకమైన చార్జీలు మన దగ్గర తీసుకోవచ్చు. అసోసియేషన్ తీసుకున్నాక రోజువారీ బాధ్యత అసోసియేషన్‌ది. అయితే పొసెషన్ (ఫ్లాటు స్వాధీనం) ఇచ్చిన 5 ఏళ్ల లోపల నిర్మాణంలో, పనితనంలో, సేవల ఏర్పాటులో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇది 14వ సెక్షన్ 3వ ఉపవిభాగం. ఆ అంకె కంఠతా పెట్టుకోండి, ఉత్తరం రాసేటప్పుడు పనికొస్తుంది.

అంటే హ్యాండోవర్ అయిపోయింది అన్న మాటతో బిల్డర్ కథ ముగియదు. ఎవరూ నీళ్లు పోయక చచ్చిపోయిన బ్యాటరీ ఆయన ఖాతాలోకి రాదు. సరిగా వెల్డింగ్ చేయని పైపు జాయింట్ మాత్రం వస్తుంది. తెలంగాణలో 2017 జనవరి 1 నుంచి పర్మిషన్ వచ్చిన ప్రాజెక్టులకే రెరా వర్తిస్తుంది కాబట్టి, పాత బిల్డింగ్ వాళ్లు దీనిమీద ఆశ పెట్టుకోవద్దు.

3. కాగితాలు అడిగి తీసుకోండి

రెండో దశ ఎన్‌వోసీ, ఓసీ (కాపురముండవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), పంపులు, పైపులు వాస్తవంగా ఎలా వేశారో చూపే డ్రాయింగులు, పంపుల వారంటీ కార్డులు, టెస్టు రిపోర్టులు. డ్రాయింగు లేకపోతే లీకు వెతకడానికి గోడలన్నీ కొట్టుకోవాలి. ప్లాన్లు, పత్రాలు అసోసియేషన్‌కి అప్పగించాల్సిన బాధ్యత రెరా 17వ సెక్షన్ ప్రకారం బిల్డర్‌దే.

4. సంతకం పెట్టే ముందు నీళ్లు తెరిపించి చూడండి

హ్యాండోవర్ రోజు బొకేలు, ఫొటోలు, స్వీట్లు ఉంటాయి. అంతకు వారం ముందే ఒక ఫైర్ ఇంజినీర్‌ని తీసుకుని టెర్రస్ మీదికి వెళ్లండి. పై అంతస్తు హైడ్రెంట్ (మంటలార్పడానికి గొట్టం తగిలించే నీటి కొళాయి) తెరిపించండి. అన్నిటికంటే దూరంగా ఉన్న హైడ్రెంట్ దగ్గర కనీసం 3.5 బార్ల ప్రెషర్ రావాలి. కరెంటు తీయించి, డీజిల్ పంపు దానంతటదే అందుకుంటుందో లేదో చూడండి. అలారం మోగించండి. లిఫ్టులు కిందికి వస్తాయో లేదో చూడండి. పనిచేయనివన్నీ జాబితా రాసి, ఇద్దరి సంతకాలతో ఒక కాపీ పెట్టుకోండి. ఆ జాబితా లేకుండా ‘అన్నీ సరిగా ఉన్నాయి’ అని సంతకం పెట్టేస్తే తర్వాత నిరూపించుకోవడం చాలా కష్టం.

5. ఏఎంసీ ఒప్పందాన్ని పదం పదం చదవండి

ఏజెన్సీకి పని అప్పగించగలం, బాధ్యత అప్పగించలేం. నోటీసు వస్తే యజమానులకో, ఆ భవనాన్ని చూసుకుంటున్న అసోసియేషన్‌కో వస్తుంది. అందుకని ఒప్పందంలో ఇవి తప్పక రాయించండి: పంపులతో పాటు రైజర్లు (పై అంతస్తులకు వెళ్లే నిలువు పైపులు), వాల్వులు, హోస్ రీళ్లు, స్ప్రింక్లర్లు (మంట వేడికి సీలింగ్ నుంచి నీళ్లు చల్లేవి), డిటెక్టర్లు అన్నీ వాళ్ల స్కోప్‌లో ఉండాలి. వాళ్లు చూడనివి ఏవో కూడా విడిగా రాయాలి. ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో రావాలో ఉండాలి. ప్రతి విజిట్‌కీ రాతపూర్వక రిపోర్టు ఇవ్వాలి. ‘చెక్డ్, ఓకే’ అని రాసి వెళ్లిపోయే రిపోర్టుకి విలువ లేదు. ప్రెషర్ అంకె, డీజిల్ ఎంత ఉంది, బ్యాటరీ వోల్టేజి, స్విచ్ ఏ పొజిషన్‌లో ఉంది, ఇవి రాయాలి.

6. రిజిస్టరు మొదలుపెట్టండి

వారానికోసారి పంపులు కాసేపు తిప్పి, తేదీ వేసి సంతకం. ఎక్స్‌టింగ్విషర్ల సర్వీసు తేదీలు. మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు, ఎంతమంది వచ్చారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం కనీసం 6 నెలలకోసారి డ్రిల్ ఉండాలి, మొదటి రెండేళ్లు 3 నెలలకోసారి. డ్రిల్‌కి మనుషులు రారన్నది నిజమే. మా దగ్గర మొదటిసారి పదకొండు మందిమి, అందులో నలుగురు పిల్లలు.

ఈ రిజిస్టరు ఎందుకో సూటిగా చెబుతాను. ప్రాణనష్టం జరిగితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు 5 ఏళ్ల దాకా శిక్ష పడే కేసు పెట్టవచ్చు. కమిటీ ప్రెసిడెంటు, సెక్రటరీ గౌరవ పదవుల్లో ఉన్నా, జీతం లేకపోయినా, వాళ్ల పేర్లు కూడా విచారణలోకి రావచ్చు. తెలిసిన లోపాన్ని సరిచేయించడానికి ఏం చేశారో చూపించగలిగేది ఆ పుస్తకమే.

7. ఫ్లాట్ల వాళ్ల వంతు కూడా ఉంది

అసోసియేషన్ అంతా చేశాక ఎవరో ఇంటీరియర్ పని పెట్టించి, ఫాల్స్ సీలింగ్‌లో స్ప్రింక్లర్ తలను మూసేస్తారు. ఇంకొకరు దాని మీద రంగు వేయిస్తారు. మెట్ల దగ్గర ఫైర్ డోరుకి పూలకుండీ అడ్డుపెట్టి తెరిచి ఉంచుతారు, గాలి వస్తుందని. పొగ కూడా ఆ దారినే వస్తుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 మంది పొగకు ఊపిరాడకే పోయారు.

అదే ఏడాది నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో, మనుషులు కాపురముంటున్న భవనం కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు పెట్టారు. మంటలు పైకి ఎగబాకి కనీసం 9 మంది చనిపోయారు. పార్కింగ్‌లో ఎవరు ఏం పెట్టారో చూడటం కమిటీకి ఇష్టంలేని పని. పక్కింటి వాళ్లతో మాట పట్టింపు వస్తుంది. అయినా బైలాలో రాసి, జనరల్ బాడీలో ఆమోదం తీసుకుని, నోటీసు ఇవ్వండి. అద్దెకున్న వాళ్లకూ అదే నిబంధన. ఓనరుకి కాపీ పంపండి.

8. ఎవరూ వినకపోతే

ఉత్తరం, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో. ఫోన్లు, వాట్సాప్‌లు చాలవు. తేదీ, లోపం, ఫొటో, సెక్షన్, గడువు రాయండి. లోపం బిల్డర్‌ది అయితే రెరా అథారిటీకి ఫిర్యాదు. కమిటీయే పట్టించుకోకపోతే జనరల్ బాడీలో అజెండాగా పెట్టించండి, మినిట్స్‌లో ఎక్కించండి. అక్కడా కదలిక లేకపోతే జిల్లా ఫైర్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి. పక్క ఫ్లాటు వాళ్లు కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, నాతోనూ మాట్లాడలేదు.

మా లీకు ఆరో అంతస్తు డక్ట్‌లో రైజర్ జాయింట్ దగ్గర దొరికింది. పొసెషన్ ఇచ్చి నాలుగేళ్లే అయింది. ఉత్తరం వెళ్లిన మూడో వారంలో బిల్డర్ మనుషులు వచ్చి జాయింట్ మార్చారు. ఇప్పుడు చిన్న పంపు రాత్రుళ్లు తిరగట్లేదు. ప్రతి ఆదివారం ఎలక్ట్రీషియన్ ఆ స్విచ్ ఫొటో తీసి గ్రూపులో పెడుతున్నాడు. కింది ఫ్లాటు మేడమ్ దానికి థంబ్స్‌అప్ పెడుతున్నారు.