రక్తనాళాల కండర కణాల పెంపకం – 4వ పాఠం: ఆడ, మగ కణాల వేగాన్ని పోల్చడం

పోయిన పాఠానికల్లా ఎలుక బృహద్ధమని నుంచి తీసిన నునుపు కండర కణాలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మగ ఎలుకవి ఒక ఫ్లాస్కులో, ఆడ ఎలుకవి మరో ఫ్లాస్కులో. ఇప్పుడు ఏవి వేగంగా పెరుగుతున్నాయో కొలవాలి. మగవే త్వరగా పెరుగుతాయని కొన్ని ల్యాబుల్లో తేలింది. అలాగని మనకూ అదే రావాలని మనసులో పెట్టుకుని మొదలుపెట్టకండి.

ముందు మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, సంగతి. ఈస్ట్రోజెన్ ఈ కణాల విభజనను తగ్గిస్తుంది. మామూలు సీరంలో హార్మోన్లు ఉంటాయి. మీడియానికి ఎర్ర రంగునిచ్చే ఫినాల్ రెడ్ కూడా కొద్దిగా ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1986లోనే బయటపడింది. అందుకే ఫినాల్ రెడ్ లేని మీడియం, బొగ్గుతో హార్మోన్లు తీసేసిన సీరం వాడండి. రెండు రకాల కణాలదీ ఒకే పాసేజ్ (కొత్త ఫ్లాస్కులోకి ఎన్నిసార్లు మార్చామన్న లెక్క) అయి ఉండాలి.

కల్చర్ ప్లేటులోని ఒక్కో వెల్‌లో (చిన్న గుంటలో) 20,000 కణాలు వేయండి. లెక్కపెట్టేటప్పుడు, అతుక్కున్న కణాలను ట్రిప్సిన్ అనే ఎంజైముతో లేపి, ట్రిపాన్ బ్లూ అనే రంగు సమానంగా కలిపి, హీమోసైటోమీటర్‌లో (గడులు గీసిన గాజు పలకలో) వేసి మైక్రోస్కోపు కింద చూడండి. నీలంగా మారినవి చచ్చినవి, వాటిని వదిలేయండి. పెద్ద గడికి సగటున వచ్చిన సంఖ్యను 10,000తో, రంగు కలిపినందుకు మళ్లీ 2తో హెచ్చవేస్తే మిల్లీలీటరుకు ఎన్నో తెలుస్తుంది.

చాలామంది చివరి రోజు మాత్రమే లెక్కపెడతారు. అసలు చిక్కంతా అక్కడే. ఉదాహరణకు 72 గంటలకు మగ కణాలు 64,000, ఆడ కణాలు 48,000 ఉన్నాయనుకోండి. తేడా ఉందని సంబరపడతాం. 24 గంటలప్పటి లెక్క తీస్తే 16,000, 12,000. అంటే 48 గంటల్లో రెండూ నాలుగింతలే అయ్యాయి, రెండిటికీ రెట్టింపు కాలం (కణాల సంఖ్య రెండింతలు కావడానికి పట్టే సమయం) 24 గంటలే. పెరుగుదలలో తేడా లేదు, వెల్‌కు అతుక్కోవడంలోనే ఉంది. దయచేసి మొదటి రోజు లెక్క మానకండి.

ఇంకొకటి: ఒకే ఎలుక కణాలను ఆరు వెల్స్‌లో వేస్తే అవి ఆరు నమూనాలు కావు, ఒక్కటే. ఆడ, మగ రెండు వైపులా వేర్వేరు ఎలుకల నుంచి కణాలు తీయాల్సిందే. ఇది ఖర్చుతో కూడిన పనే, కానీ తప్పదు.

రెట్టింపు కాలానికి గడిచిన గంటలను 0.693తో గుణించి, చివరి లెక్కను మొదటి లెక్కతో భాగించగా వచ్చిన సంఖ్య సహజ లాగరిథంతో భాగించండి. 48 గంటల్లో 20,000 కణాలు 60,000 అయితే ఎంతో మీరే చేసి చూడండి. 30 గంటల పైచిలుకు రావాలి.