ఇంట్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ను వైద్య పరిశోధనకు ఉపయోగపెట్టడం ఎలా

శరీరంలోని ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులుగా తయారై, చాలావరకు తమ పనికి తగిన ఆకృతిలోకి ముడుచుకుంటాయి. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి వ్యాధుల్లో కొన్ని ప్రోటీన్లు తప్పుగా ముడుచుకొని పేరుకుపోతాయి. ఈ కదలికలను గణించి చూపడానికి 2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే ప్రారంభించిన ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’ అనే ప్రాజెక్టులో ఎవరైనా తమ కంప్యూటర్‌తో ఉచితంగా పాలుపంచుకోవచ్చు. 2020లో కరోనా వైరస్ పరిశోధన కోసం లక్షలాది మంది ఇందులో చేరినప్పుడు, వంద కోట్లను వంద కోట్లతో గుణిస్తే వచ్చేన్ని లెక్కలను అది ఒక్క సెకనులో చేయగలిగింది.

చేరే ముందు ఈ పని ఎలా సాగుతుందో తెలుసుకోవడం అవసరం. సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పది ముక్కలు చేస్తే వచ్చేంత కాలాన్ని ఫెమ్టోసెకను అంటారు. ప్రోటీన్‌లోని ప్రతి పరమాణువు స్థానాన్నీ కొద్ది ఫెమ్టోసెకన్లకు ఒకసారి కొత్తగా లెక్కకట్టాలి కనుక, సెకనులో వెయ్యో వంతులో ముగిసే కదలిక కూడా ఒక్క యంత్రానికి మోయలేని భారమవుతుంది. అందుకే పరిశోధకులు దానిని ముక్కలుగా పంచుతారు. అయితే ఒక ముక్క ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే తరువాతి ముక్క మొదలవుతుంది; మీ దగ్గర ఆలస్యమైతే ఆ వరుస మొత్తం మీ కోసం ఆగిపోతుంది, గడువు దాటితే అదే పనిని వేరొకరికి మళ్లీ అప్పగించవలసి వస్తుంది. కాబట్టి ఎన్ని ముక్కలు తీసుకున్నామన్న దానికంటే తీసుకున్నదానిని వేళకు తిరిగి పంపామా అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్‌ను ఫోల్డింగ్‌ఎట్‌హోమ్ డాట్ ఆర్గ్ నుంచి మాత్రమే దించుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ అది లభిస్తుంది. ఆఫీసు వారిచ్చిన కంప్యూటర్‌లో మాత్రం వారి అనుమతి లేకుండా పెట్టకండి. మీరు ఇచ్చే పేరు, చేసిన పనికి వచ్చే పాయింట్ల పట్టికలో అందరికీ కనిపిస్తుంది కనుక అసలు పేరుకు బదులు మారుపేరు వాడవచ్చు. ఈమెయిల్‌కు వచ్చే పాస్‌కీని, అంటే ఆ పని మీదేనని గుర్తించే రహస్య సంకేతాన్ని కూడా నమోదు చేయండి. దానితో పది ముక్కలు పూర్తిచేసి, ఎనభై శాతం పనిని వేళకు అప్పగిస్తున్నవారికి త్వరగా పంపినందుకు అదనపు పాయింట్లు వస్తాయి.

తరువాత సెట్టింగులు చూసుకోవాలి. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానినే ఎంచుకోండి, ఈ లెక్కలను అది ప్రాసెసర్ కంటే ఎన్నో రెట్లు వేగంగా చేస్తుంది. ప్రాసెసర్ ఒక్కటే ఉంటే అందులో లెక్కలు చేసే భాగాలైన కోర్లలో సగం కేటాయించి, మిగిలినవాటిని మీ పనులకు ఉంచుకోండి. కంప్యూటర్ వాడనప్పుడు మాత్రమే నడిచే ఏర్పాటు ఉంది కానీ, రోజంతా మీరు దాని ముందే కూర్చునేవారైతే పని గడువులోగా తెమలకపోవచ్చు. పదేళ్లనాటి పాత యంత్రాన్ని దీనికోసం బయటికి తీయకపోవడమే మంచిది. కరెంటు కాల్చినంతగా ఫలితం ఇవ్వదు.

కరెంటు ఖర్చును ముందే లెక్కవేసుకోండి. అదనంగా 150 వాట్లు లాగే యంత్రం రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు 36 యూనిట్లు అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, ఆ 36 యూనిట్లు మిమ్మల్ని పై శ్లాబులోకి నెడతాయేమో పాత బిల్లులు చూసి తేల్చుకోండి. బెజవాడ, రామగుండం ఎండల్లో మధ్యాహ్నం ఆపి రాత్రి నడపడం యంత్రానికీ గదిలోని మనుషులకూ మేలు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఎన్నడూ నడపకండి, బ్యాటరీ మీద నడిచే ఏర్పాటును ఆపేయండి.

కరెంటు పోయినా చేసిన పని అంతా వృథా కాదు. సాఫ్ట్‌వేర్ మధ్యమధ్య తన స్థితిని భద్రపరచుకొని, తిరిగి అక్కడి నుంచే సాగిస్తుంది. కానీ పండక్కి ఊరెళ్లేటప్పుడు మాత్రం ‘పాజ్’ నొక్కి వెళ్లకండి. ముందు రోజే ‘ఫినిష్’ నొక్కితే, చేతిలో ఉన్న ముక్క పూర్తయి తిరిగి వెళ్తుంది, కొత్తది రాదు. ఆ తరువాత నిశ్చింతగా స్విచ్ కట్టేయవచ్చు.