స్కాచ్ అలవాటున్నవాళ్లు తక్కువ ఖర్చులో మొదటి బోర్బన్‌ను ఎంచుకోవడం ఎలా?

మా పెద్దనాన్నగారి అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ నాకో బోర్బన్ సీసా తెచ్చాడు. అప్పటికి పదేళ్లుగా నేను తాగేది స్కాచ్ ఒక్కటే. ఆ రాత్రి ముందు పొగ వాసన బాగా ఉండే లాఫ్రాయిగ్ స్కాచ్ ఒక పెగ్గు తాగి, అదే గ్లాసులో ఇది పోసుకున్నాను. అంత పొగ తర్వాత ఇది ఉత్త బెల్లం పాకంలా తోచింది. మూత బిగించి బీరువాలో పెట్టేస్తే నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది. తర్వాత ఒక ఆదివారం వేరేదేమీ ముట్టకుండా కాస్త పోసుకుని కూర్చున్నాకే దాని రుచి నాకు అందింది. ఈ నాలుగు నెలల ఆలస్యం మీకు ఉండకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు తేడా తెలుసుకోండి

బోర్బన్ కూడా స్కాచ్ లాగే విస్కీ, కానీ అమెరికాలోనే తయారవ్వాలి. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిల్వ చేయాలి. ఇవి అక్కడి చట్టం పెట్టిన షరతులు. పీపాను ఒకసారి బోర్బన్‌కు వాడేశాక మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు కాబట్టి, అలా ఖాళీ అయిన పీపాల్లో చాలావరకు స్కాట్లండ్ వెళతాయి. గ్లెన్‌మొరాంజీ స్కాచ్ ఇష్టపడేవాళ్లు ఏళ్ల తరబడి రుచి చూస్తున్నది ఆ పీపాలనే. లాఫ్రాయిగ్‌కు పీపాలు ఎక్కువగా మేకర్స్ మార్క్ అనే బోర్బన్ కంపెనీ నుంచి వెళతాయని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. నేను బీరువాలో పెట్టేసిన రుచి నా గ్లాసులో ఎప్పటినుంచో ఉంది, పొగ చాటున.

ఆ తీపి ఎవరో కలిపిన పంచదార వల్ల వచ్చింది కాదు. పీపా లోపలి చెక్కను మంట మీద కాల్చినప్పుడు చెక్కలోని చక్కెరలు మాడి పాకం రంగుకొస్తాయి. సారాయి అందులో నానుతూ ఆ వాసననీ, వెనిలా పరిమళాన్నీ పీల్చుకుంటుంది. అనకాపల్లి వైపు బెల్లం వండే పొయ్యి దగ్గర, చెరుకురసం చిక్కబడి రంగు తిరిగేటప్పుడు వచ్చే వాసన మీకు తెలిస్తే, బోర్బన్ వాసనలో సగం తెలిసినట్టే.

హద్దు వేసుకోండి

మీరు మామూలుగా కొనే స్కాచ్ ఫుల్ బాటిల్ ధరే మీ హద్దు. 750 మిల్లీలీటర్ల సీసాలో చిన్న పెగ్గులు 25 వస్తాయి, ధరను 25తో భాగించి చూసుకోండి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. అయితే షాపులో మీరు కట్టే ధరలో రాష్ట్రం పన్నులు కూడా ఉంటాయి కాబట్టి సగానికి సగం తగ్గిపోతుందని ఆశపడకండి.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మద్యం షాపులు తిరిగి వచ్చాయి. మన విశాఖలో సిరిపురంలో ఉన్న సరుకు గాజువాకలో ఉండకపోవచ్చు, అందుకే రెండు మూడు చోట్ల అడగండి. ఎక్సైజ్ స్టిక్కరు, ఎమ్మార్పీ చూసే కొనండి. ఇంకా నయం, బీచ్ రోడ్డులో ఏదైనా హోటల్ బార్‌లో ముందు 30 ఎం.ఎల్. తాగి చూడటం. పెగ్గు లెక్కన ఖరీదే, కానీ నచ్చని ఫుల్ ఇంటికి మోసుకెళ్లడం కన్నా చాలా చవక.

లేబుల్ చదవడం నేర్చుకోండి

డబ్బు మిగిలేది ఇక్కడే. స్కాచ్ తాగేవాళ్లం సీసా మీద ముందు వయసు వెతుకుతాం. 12 అని కనిపిస్తే ధైర్యం, ఏ అంకే లేకపోతే అనుమానం. బోర్బన్ దగ్గర ఈ అలవాటు పక్కన పెట్టాలి. ‘స్ట్రెయిట్ బోర్బన్’ అని ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉందని, రంగు గానీ రుచి గానీ ఏదీ కలపలేదని అర్థం. నాలుగేళ్ల కన్నా చిన్నదైతే వయసు లేబుల్ మీద చెప్పి తీరాలి. అంటే స్ట్రెయిట్ అని ఉండి, వయసు వేయకపోతే దానికి నాలుగేళ్లు నిండాయన్నమాట. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి అనుమతి ఉంది, ఇక్కడ అదీ లేదు.

నాలుగేళ్లు సరిపోతాయా అంటే, సరిపోతాయి. బోర్బన్ ఎక్కువగా తయారయ్యే కెంటకీ రాష్ట్రంలో వేసవి స్కాట్లండ్ వేసవి లాంటిది కాదు. వేడికి సారాయి చెక్కలోకి చొచ్చుకుపోతుంది, చలికి వెనక్కి వస్తుంది, పైగా పీపా కొత్తది. అక్కడ మరీ ఎక్కువ ఏళ్లు ఉంచితే చెక్క వగరు పైకొచ్చే ప్రమాదం ఉంది. మొదటి సీసాకు వయసు కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అన్న మాట కనిపిస్తే వదలకండి. 1897 నాటి చట్టం అది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసి, కనీసం నాలుగేళ్లు నిల్వ చేసి, 50 శాతం ఆల్కహాల్‌తో నింపాలి. తక్కువ ధరలో ఇంత హామీ స్కాచ్‌లో నాకెక్కడా దొరకలేదు.

తేనె, యాపిల్ రుచులు కలిపిన సీసాలు మొదటిసారికి వద్దు. ‘బోర్బన్ పీపాలో నిల్వ చేసినది’ అని రాసున్న ఇతర విస్కీలు బోర్బన్ కావు. జాక్ డానియల్స్ కూడా తనను టెనెసీ విస్కీ అనే చెప్పుకుంటుంది. పీపాలో పోసే ముందు దాన్ని మేపుల్ బొగ్గుల గుండా వడకడతారు. మంచి విస్కీయే, కానీ బోర్బన్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకుంటే దానితో మొదలెట్టకండి.

మీ స్కాచ్‌ను బట్టి ఎంచుకోండి

టీచర్స్, బ్లాక్ అండ్ వైట్ లాంటివి సోడాతో తాగేవాళ్లు జిమ్ బీమ్ వైట్ తీసుకోండి. నాలుగేళ్లది, చవకైనది, సోడాను బాగా తట్టుకుంటుంది. అందులో గొప్ప లోతు ఆశించకండి.

గ్లెన్‌లివెట్, గ్లెన్‌మొరాంజీ లాంటి మెత్తని సింగిల్ మాల్ట్‌లు నచ్చేవాళ్లకు మేకర్స్ మార్క్. చాలా బోర్బన్లలో మొక్కజొన్నకు తోడుగా రై ధాన్యం ఉంటుంది, అది మిరియం, లవంగం లాంటి ఘాటునిస్తుంది. మేకర్స్ మార్క్‌లో రై బదులు గోధుమ వాడతారు, అందుకే నాలుక మీద గరుకు తక్కువ. జిమ్ బీమ్ కన్నా ధర ఎక్కువే. మీ హద్దులోకి వస్తే మాత్రం నా ఓటు దీనికే.

లాఫ్రాయిగ్, టాలిస్కర్ వాళ్లకు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బోర్బన్‌లో మీకు కావలసిన పొగ దొరకదు. కాల్చిన పీపా వాసన వేరు, స్కాచ్ కోసం బార్లీని ఆరబెట్టేటప్పుడు కాల్చే పీట్ అనే బురదనేల మట్టి పొగ వేరు. మీకు కావలసింది బలం, ఘాటు అయితే 50.5 శాతంతో వచ్చే వైల్డ్ టర్కీ 101 గానీ, రై ఎక్కువగా ఉండే బులెట్ గానీ వెతకండి.

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే

మన ఊళ్లో ఇంటికొకరు అక్కడున్నారు కదా. డ్యూటీ ఫ్రీలో కొనమనకండి, వాళ్ల ఊళ్లో మామూలు లిక్కర్ స్టోరుకు వెళ్లి ఎవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్ తెమ్మనండి. అది బాటిల్డ్ ఇన్ బాండ్, అక్కడ చవక సీసాల్లో నాకు బాగా నచ్చినది. సీల్ తీయని సీసాను బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టాలి. మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేదు. వాళ్లు ఊరగాయలు మోసుకెళ్లినంత శ్రద్ధగా ఇదీ మోసుకొస్తారు, అడగడానికి మొహమాటపడకండి.

మొదటి సాయంత్రం

ఆ రోజు స్కాచ్ ముట్టకండి. డాబా మీదా వద్దు, సముద్రపు గాలికి వాసన నిలవదు. లోపల కూర్చుని, మూతి సన్నగా ఉండే గ్లాసులో 30 ఎం.ఎల్. పోసి పది నిమిషాలు వదిలేయండి. నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. మొదటి గుటక నాలుకను అలవాటు చేయడానికే, తీర్పు రెండో గుటకకు. తర్వాత కొన్ని చుక్కల నీళ్లు. మన ఉక్కపోతకు చిన్న ఐసు ముక్క వేసుకున్నా తప్పు లేదు, కొత్త చెక్క రుచి చల్లదనానికి అంత తొందరగా చావదు.

పక్కన వేయించిన వేరుశెనగలు, జీడిపప్పు చాలు. వంజరం వేపుడు రెండో రోజుకు ఉంచండి, కారం మీద ఆల్కహాల్ పడితే మంట తప్ప ఏమీ తెలియదు. చివర్లో మాడుగుల హల్వా చిన్న ముక్క నోట్లో వేసుకుని మరో గుటక వేయండి, నేతికీ జీడిపప్పుకీ అది ఎంత బాగా కుదురుతుందో చూడండి. తాగిన సాయంత్రం బండి తీయకండి.

మూడు సాయంత్రాల తర్వాత కూడా మనసుకు పట్టకపోతే సీసా ఎవరికో ఇచ్చేయకండి. అనకాపల్లి బెల్లాన్ని కాసిని వేడినీళ్లలో కరిగించి వడకట్టండి. పెద్ద ఐసు ముక్క మీద 60 ఎం.ఎల్. బోర్బన్, ఒక చెంచా బెల్లం నీళ్లు, దొరికితే రెండు చుక్కల బిట్టర్స్ (చేదు మూలికల సారం) వేసి కలపండి. కమలా తొక్కను గ్లాసు మీద పిండి, అందులోనే వేసేయండి.