సరస్సు పక్క ఊళ్లు – 3వ పాఠం: గాలి ఏ గట్టు నుంచి వస్తోంది?

ఊళ్ల వాతావరణానికి 1991–2020 సగటుల పట్టిక చదవడం కిందటి పాఠంలో చూశాం. ఆ అంకెలు అలా ఎందుకున్నాయో ఈసారి చూద్దాం.

మా అక్క కూతురికి అమెరికాలో మిల్వాకీలోనూ గ్రాండ్ రాపిడ్స్‌లోనూ సీటొచ్చింది. తిరుపతి డిసెంబరు చలికే స్వెట్టర్ వేసుకునే పిల్ల. "రెండూ మిషిగన్ సరస్సు దగ్గరే కదా మామా, ఏదైతే ఏముంది?" అంది. నేనూ ఉష్ణోగ్రతలు మాత్రమే చూసి "అవునమ్మా, ఒకటేలే" అనేశాను. అది గ్రాండ్ రాపిడ్స్‌కు వెళ్లింది. జనవరిలో ఫోన్: "మామా, ఇక్కడ సూర్యుడు సెలవు పెట్టాడు."

నోట్‌బుక్ తీయండి. పేజీ మధ్యలో నిలబెట్టిన కాకరకాయలా సరస్సు గీయండి. ఎడమ గట్టున మిల్వాకీ, కుడి పక్కన గట్టుకు కాస్త లోపలగా గ్రాండ్ రాపిడ్స్. ఎడమ నుంచి కుడికి బాణం వేయండి. చలికాలంలో అక్కడ గాలి ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచే.

ఆ గాలి ఎండు గాలి, గడ్డకట్టే చలి. సరస్సు నీళ్లలో మాత్రం ఎండాకాలపు వేడి ఇంకా మిగిలే ఉంటుంది. వంద కిలోమీటర్లకు పైగా ఆ నీళ్ల మీద నడిచేసరికి గాలి అడుగున వెచ్చబడి, తేమ పట్టి, పైకి లేచి మబ్బు కడుతుంది. కుడి గట్టున మంచై రాలుతుంది. దీన్నే లేక్ ఎఫెక్ట్ స్నో అంటారు. మనకు మరీ కొత్తేం కాదు. నవంబరులో ఈశాన్య గాలి బంగాళాఖాతం తేమ మోసుకొచ్చి శేషాచలం కొండలకు తగిలితే తిరుపతి తడిసి ముద్దవుతుంది, లోపలున్న అనంతపురానికి అంత అందదు.

ఏడాదికి మిల్వాకీలో సుమారు 48 అంగుళాల మంచు, గ్రాండ్ రాపిడ్స్‌లో 75 పైనే. ఇది కురిసిన లెక్క. నేల మీద పేరుకున్న మందం వేరే గడిలో ఉంటుంది, రెండూ కలపకండి. మనకు ఘాట్ రోడ్డు మీది పొగా మంచే, వాళ్ల వాకిట్లో మోకాలి లోతూ మంచే. అందుకే గడి పేరు చూసి మరీ అంకె రాసుకోండి.

ఇక ఎండ. రెండు ఊళ్లూ దాదాపు 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే. డిసెంబరులో రెండు చోట్లా పగలు 9 గంటలే, మనకు 11 దాటుతుంది. కాబట్టి ఎండ గంటల్లో తేడా కనబడితే అది మబ్బు చేసిన పని. మంచు రాలని రోజూ ఆ మబ్బు కుడి గట్టు మీద కూర్చునే ఉంటుంది. నన్నడిగితే మంచు కంటే ఇదే పెద్ద బాధ. మంచునైతే పారతో తోసేయొచ్చు.

నెలవారీ అంకెలూ చూడండి. అక్కడిదే ఇంకో సరస్సు ఈరీ, సగటు లోతు 19 మీటర్లే, అందుకే చలికాలంలో తొందరగా గడ్డకడుతుంది. అది గడ్డకట్టిందంటే గాలికి తేమ అందదు, దాని తూర్పు కొసనున్న బఫెలో ఊళ్లో ఈ రకం మంచు తగ్గుతుంది. సగటున 86 మీటర్ల లోతున్న పక్క సరస్సు ఒంటారియో పూర్తిగా గడ్డకట్టడం అరుదు.

అభ్యాసం: ఈరీ పడమటి కొసన టొలీడో, దక్షిణ గట్టున బాగా తూర్పుకు క్లీవ్‌లాండ్. ముందు బాణం గీసి, మంచు ఎక్కడ ఎక్కువో పెన్సిల్‌తో రాయండి. తర్వాతే పట్టిక తెరవండి.