కొత్త వంటిల్లు – మూడో పాఠం: ముందు వెలుగు, తర్వాతే రంగు

పోయిన పాఠంలో అరల చెక్క సంగతి చూశాం. సింకు కింద ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డే వేయించాలని అనుకున్నాం. చెక్క తేలగానే అందరూ సన్‌మైకా రంగులు, గ్రానైట్ చూడటానికి షాపుకు బయల్దేరతారు. మీరు ఒక్క వారం ఆగండి. వెలుగు సంగతి తేలకుండా రంగు ఎంచుకోవద్దు.

పాలకొల్లులో మా పిన్ని వంటిల్లు చూశాకే నాకు ఈ విషయం బుర్రకెక్కింది. షాపులో నిగనిగలాడే నల్ల గ్రానైట్ చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. పనివాళ్లు పై అరల కింద ఎల్ఈడీ పట్టీని ఏ మూతా లేకుండా అంటించి వెళ్లిపోయారు. రాత్రి లైటు వేస్తే గట్టు మీద చుక్కలు చుక్కలుగా వంద బల్బులు మెరుస్తాయి. తరిగేటప్పుడు కళ్లు జిగేల్‌మంటాయి. పోపులో వేయబోయిన ఆవాలు గట్టు మీద ఒలికితే కనబడవు. ఆ రాయి మంచిదే, లైటూ మంచిదే. రెండింటినీ కలిపి ఎవరూ చూడలేదు, అంతే.

మన ఇళ్లలో వంటిల్లు ఎక్కువగా ఆగ్నేయంలో ఉంటుంది, తూర్పుకు తిరిగి వండుతాం. ఎదురుగా కిటికీ ఉంటే పొద్దున్న ఏడింటికి లైటు అక్కర్లేదు. కానీ కోనసీమలో కిటికీ బయట కొబ్బరిచెట్లు, అరటి పిలకలు ఉంటాయి. మధ్యాహ్నానికే లోపల పచ్చగా, మసకగా అవుతుంది. సాయంత్రం గది మధ్యలోని ట్యూబులైటు వేస్తాం. అది మన వీపు వెనక ఉంటుంది కాబట్టి మన నీడ సరిగ్గా కత్తిపీట మీదే పడుతుంది. ఇంకో ట్యూబులైటు తగిలించినా అదీ వెనకే ఉంటే నీడ పోదు.

అందుకే గట్టుకు వేరే లైటు కావాలి. పై అరల అడుగున ముందు అంచుకు దగ్గరగా, కాస్త గోడవైపు వంచి పట్టీ లైటు పెట్టించండి. గోడకు ఆనించి పెడితే టైల్స్ వెలుగుతాయి, చేతులు చీకట్లో ఉంటాయి. పట్టీని అల్యూమినియం పట్టాలో కూర్చి, పైన పాలరంగు మూత వేయించాలి. అప్పుడు చుక్కలు కనబడవు, నూనె జిడ్డు పడితే గుడ్డతో తుడిచేయొచ్చు. పై అరలు లేని చోట, గట్టు ముందు అంచుకు సరిగ్గా పైన సీలింగులో లైటు బిగించాలి.

ఇక లైటు కొనేటప్పుడు పెట్టె మీద రెండు అంకెలు చూడండి. ఒకటి కెల్విన్, అంటే వెలుగు ఛాయను చెప్పే అంకె. 6500 అంటే నీలం కలిసిన తెలుపు, 3000 అంటే పసుపు ఛాయ. గట్టుకు 4000 నా ఎంపిక. గది లైటు కూడా దానికి దగ్గరగానే ఉండాలి, లేకపోతే ఒకే గోడ రెండు రంగుల్లో కనబడుతుంది.

రెండోది సీఆర్ఐ, అంటే రంగును ఉన్నదున్నట్టు చూపే గుణం. పూర్తి మార్కులు 100. మామూలు ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి. వంటింటికి 90 దాటినవి అడగండి, ధర కాస్త ఎక్కువైనా సరే. తక్కువ సీఆర్ఐ లైటుకు ఎరుపు చూపించడమే కష్టం. చేప తాజాదో కాదో మొప్పల ఎరుపు చూసి చెప్తాం. మినప్పప్పు ఎర్రబడగానే మిరపకాయలు వేస్తాం. ఆ ఎరుపే వెలవెలబోతే ఎంత చేయి తిరిగిన వాళ్లయినా తడబడతారు. అరవై దాటిన కళ్లకు ఇరవై ఏళ్ల కళ్లకన్నా చాలా ఎక్కువ వెలుగు కావాలి. మీ ఇంట్లో వండేది అమ్మో అత్తగారో అయితే, లైటు స్విచ్ వేసి ముందు వాళ్లనే చూడమనండి.

ఆ గట్టు లైటును ఇన్వర్టర్ లైనుకు కలపమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. మీటరుకు 10 వాట్ల పట్టీ మూడు మీటర్లు వేసినా 30 వాట్లే. వానాకాలం కరెంటు పోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు గట్టు. పాలరాయి వద్దు, చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు తినేస్తాయి. క్వార్ట్జ్ పలకలో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్ అనే జిగురు, పొయ్యి మీద నుంచి దించిన బాండీ నేరుగా పెడితే మచ్చపడొచ్చు, పగలొచ్చు కూడా. మన వంటకు గ్రానైటే నయం. ముదురు రాయి వెలుగును మింగేస్తుంది కాబట్టి, నల్లదే కావాలంటే లైటు పెంచుకోవాలి. నేనైతే బూడిదరంగో లేత గోధుమరంగో ఉన్న మధ్యస్థపు రాయి తీసుకుంటాను. నునుపు మెరుపు వద్దనుకుంటే లెదర్ ఫినిష్ ఉంది, కానీ దానికి నూనె పీల్చకుండా సీలర్ పూయించాలి.

అరల తలుపులకు మరీ మెరిసేవి వద్దు, వేలిముద్రలు తుడవలేక విసుగొస్తుంది. టైల్స్ సందుల్లో తెల్ల సిమెంట్ బదులు ఎపాక్సీ నింపించండి, పసుపు మరక ఇంకదు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లయితే కబ్జాలు 304 రకం స్టీలువే తీసుకోండి.

ఈ వారం అభ్యాసం. రాత్రి ఇప్పుడున్న లైటు కిందే తరిగే చోట తెల్లకాగితం పరిచి, ఎప్పటిలా నిలబడి చెయ్యి పెట్టండి. నీడ ఎటు పడుతోందో కాగితం మీదే గీయండి. తర్వాత షాపు నుంచి గ్రానైట్ ముక్కలు రెండు, సన్‌మైకా ముక్కలు మూడు అడిగి తెచ్చి గట్టు మీదే ఉంచండి. పొద్దున్న ఏడుకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఏడుకు చూసి ఏది ఎలా ఉందో రాసుకోండి. రాళ్ల మీద పసుపు కలిపిన నూనె, చింతపండు రసం చెరో చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న సబ్బుతో కడిగాక ఏ ముక్క మీద మరక మిగిలిందో చూడండి. ఆ కాగితం, రాసుకున్న వివరాలు దాచుకోండి. నాలుగో పాఠంలో స్విచ్‌బోర్డు, మిక్సీ ప్లగ్గుల చోట్లు గుర్తించేది వాటిని ముందు పెట్టుకునే.