మూలనపడ్డ నిలువు గడియారాన్ని మళ్ళీ నడిపించడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో మా తాతయ్య ఇంటి హాల్లో మనిషెత్తు దాటిన నిలువు గడియారం ఒకటుంది. ఏళ్ళ తరబడి నాలుగూ పది దగ్గరే ఆగి, చివరికి కరెంటు బిల్లులు దాచుకునే బీరువా అయిపోయింది. అదే మళ్ళీ, బాగుచేసేవాడి అవసరం లేకుండానే నడిచింది. ఇలా మూలనపడ్డ వాటిలో చాలావాటికి రోగం యంత్రంలో ఉండదు, నిలబెట్టడంలో ఉంటుంది.

1. ముందు చూడండి

డయల్‌ని కప్పి ఉండే పైభాగం చాలావాటిలో ముందుకు లాగితే జారి వస్తుంది. డయల్ మీద కీ రంధ్రాలు రెండుంటే సాధారణంగా ఎనిమిది రోజుల యంత్రం: కుడిది నడకకి, ఎడమది గంటలు కొట్టడానికి. రంధ్రాలే లేకపోతే రోజూ గొలుసో తాడో లాగాల్సిన ముప్పై గంటల రకం.

పెట్టె ఇంత పొడుగెందుకు? 1656లో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రవేత్త గడియారానికి లోలకం తగిలించాడు, కానీ ఆ ఊపు చాలా వెడల్పు. 1670 ప్రాంతంలో ఇంగ్లండులో చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే లంగరు ఆకారపు పట్టీ వచ్చాక చిన్న ఊపే సరిపోయింది. దాంతో ఊపుకో సెకను చొప్పున కొట్టే 99 సెంటీమీటర్ల లోలకం సన్నటి పెట్టెలో ఇమిడింది. బరువులు వారం పాటు మెల్లగా దిగడానికీ ఆ ఎత్తే కావాలి. వడ్రంగికి కొలతలిచ్చింది లోలకమే అన్నమాట.

2. గోడకి బిగించండి

రసమట్టం పెట్టి నిటారుగా నిలిపి, వెనక చెక్కని గోడకి స్క్రూలతో బిగించండి. పెట్టె వదులుగా ఉంటే బరువులు లోలకం బిళ్ళ ఎత్తుకి దిగిన రోజున అవీ దానితో పాటు ఊగడం మొదలుపెడతాయి, గడియారం ఆగుతుంది. ప్రతి వారం ఒకే రోజున ఆగే గడియారానికి దయ్యం పట్టిందనుకునేవాళ్ళు ముందు స్క్రూలు చూసుకోవాలి.

3. తగిలించండి

ముందు లోలకం, తర్వాత బరువులు. విప్పేటప్పుడే వాటిమీద కుడి, ఎడమ అని రాసిపెట్టుకోండి. ఎక్కడికైనా జరపాలంటే లోలకం తీయకుండా ఒక్క అంగుళం కూడా కదపొద్దు, దాన్ని వేలాడదీసే పల్చటి రేకు విరుగుతుంది.

4. చెవిపెట్టి వినండి

అసలు పని ఇదే. ఫ్యాను ఆపి, లోలకాన్ని ఊపి వినండి. టిక్, టాక్ రెండింటి మధ్యా సమానమైన విరామం ఉండాలి. కుంటుతున్నట్టు వినపడితే ఎంత కీ ఇచ్చినా కాసేపట్లో ఆగుతుంది. బిళ్ళని మెల్లగా ఎడమకి జరపండి, చప్పుడు ఎక్కడొచ్చిందో గుర్తుపెట్టుకోండి. కుడికీ అలాగే. ఏ వైపు తక్కువ దూరంలోనే చప్పుడొచ్చిందో, యంత్రం వెనక లోలకాన్ని తోసే చేతిలాంటి సన్నటి కడ్డీని ఆ వైపుకి వెంట్రుకవాసి వంచాలి. పైన ఇరుసుని ఇంకో చేత్తో పట్టుకోండి. మాకు నాలుగోసారికి కుదిరింది.

5. టైము దిద్దండి

బిళ్ళ కింది నట్టు తిప్పి బిళ్ళని పైకి లేపితే తొందరగా, కిందికి దించితే నెమ్మదిగా నడుస్తుంది. ఒక మిల్లీమీటరుకి రోజుకి 43 సెకన్ల దాకా తేడా. ఇక్కడో తమాషా ఉంది. లండన్‌లో సరిగ్గా నడిచిన గడియారం గుంటూరులో రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతుంది, భూమ్యాకర్షణ ఇక్కడ కాస్త తక్కువ కాబట్టి. 1672లో దక్షిణ అమెరికాలోని కేయెన్ వెళ్ళిన రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకి కూడా ఇలాంటిదే ఎదురైంది. గుంటూరులో బిళ్ళని దాదాపు మూడు మిల్లీమీటర్లు లేపితే సర్దుకుంటుంది. ఉక్కు కడ్డీ అయితే పది డిగ్రీల వేడికి రోజుకి ఇంకో ఐదు సెకన్లు తగ్గుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో వెనకబడిందని దాన్ని తిట్టకండి.

ముల్లు ఎప్పుడూ ముందుకే తిప్పాలి, ప్రతి గంట దగ్గరా ఆగి కొట్టనివ్వాలి.

6. నూనె, తుడవడం

కొబ్బరినూనె, ఆముదం వద్దు, జిగురై దుమ్ము పట్టేస్తాయి. గడియారం నూనె ఇరుసుల దగ్గర ఒక్కో చుక్క చాలు, చక్రాల పళ్ళకి అసలు వేయకూడదు. ఇత్తడి అంటే మనవాళ్ళకి చింతపండు గుర్తొస్తుంది. మా అమ్మమ్మ ఓ దసరాకి అలాగే తోమింది. డయల్ మీది వెండిపూత పోయి, మూడు అంకెల్లోని నల్లమైనం కూడా ఊడొచ్చింది. ఆ మూడూ ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.