వెన్నుపాము గాయం తరువాత జ్ఞాపకశక్తికీ ఏకాగ్రతకూ ఇంటి సాధన

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఉన్న ఇంట్లో అందరి దృష్టీ కాళ్ళూ చేతుల మీదే ఉంటుంది. చెప్పినది మరచిపోవడం, ఒక పని మధ్యలో మరొకటి అందుకోవడం కనిపించినా దిగులు వల్లనేనని సరిపెట్టుకుంటారు. బండి మీద నుంచో చెట్టు మీద నుంచో పడినప్పుడు వెన్నుతోపాటు తలకూ దెబ్బ తగిలి ఉండవచ్చు. ప్రాణం నిలిపే హడావుడిలో తేలికపాటి తల గాయం ఎవరి లెక్కలోకీ రాకుండా పోవడం అరుదు కాదు.

సాధనకు ముందు, సరిచేయదగిన కారణాలు ఏవైనా ఉన్నాయేమో డాక్టరుతో చూపించుకోవాలి. కండరాల బిగువుకు ఇచ్చే బాక్లోఫెన్, నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్, మూత్రాశయం అదుపుకు ఇచ్చే ఆక్సిబ్యూటినిన్ వంటి మందులు మగతను, మందకొడితనాన్ని కలిగించగలవు, అయినా వాటిని సొంతంగా మానకూడదు. మెడ భాగంలో గాయమైనవారికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, కూర్చోబెట్టగానే రక్తపోటు పడిపోవడం తరచుగా ఉంటాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా తికమకపడితే, మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటిది ఉందేమోనని వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. జ్ఞాపకశక్తి పరీక్షల్లో బొమ్మలు గీయమంటారు గనుక, చేతులు ఆడనివారు గీయలేకపోవడాన్ని బుద్ధిలోపంగా లెక్కించవద్దని పరీక్షించేవారికి ముందే గుర్తుచేయడం మంచిది.

సాధనకు 15 నుంచి 20 నిమిషాలు చాలు. ఫోనులోని ఆటలతో ఆ ఆటలోనే నేర్పు పెరుగుతుంది తప్ప అది రోజువారీ పనులకు అందివస్తుందన్న భరోసా లేదు. అందుచేత ఒంటిని కాపాడే పనులనే పాఠాలుగా తీసుకోవాలని నా అభిప్రాయం. వీల్‌చైర్‌లో ఉన్నప్పుడు పుండ్లు పడకుండా 15 నుంచి 30 నిమిషాలకొకసారి ఒరగాలి, కాథెటర్ (మూత్రం బయటకు తీసే గొట్టం) వేసుకునేవారు సాధారణంగా 4 నుంచి 6 గంటలకొకసారి వేసుకోవాలి. వేళ తప్పితే నష్టపోయేది ఒళ్ళే.

ఒరగవలసిన వేళకు అలారం పెట్టి, “అలారం మోగితే ఏం చేయాలి?” అని అడిగి, “ముందుకు ఒరగాలి” అని చెప్పించండి. అదే ప్రశ్నను 1 నిమిషం తరువాత, ఆపై 2, 4, 8 నిమిషాల ఎడంతో అడగండి. జవాబు తట్టకపోతే ఊహించమని ఒత్తిడి చేయకుండా సరైన మాట వెంటనే అందించి, అంతకుముందు నెగ్గిన ఎడానికి తిరిగి రండి, ఎందుకంటే తప్పు జవాబు ఒకసారి నోటికి పట్టిందంటే వదలడం కష్టం. అలారం మోగినప్పుడల్లా ఒరగడం కూడా జరగాలి సుమా, మాట ఒక్కటే వస్తే లాభం లేదు.

చేతులు ఆడనివారు కాథెటర్ వేసే క్రమాన్ని చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి నోటితో వరుసగా చెప్పాలి. సహాయకులు తరువాతి మెట్టు తమకు తెలిసినా గాయపడిన మనిషి చెప్పేదాకా ఆగాలి. ఈ ఆగడమే ఇంటివారికి కష్టం.

అవధానంలో పద్యం చెబుతూనే గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టడం మనకు తెలిసిందే. మాట్లాడుతున్నప్పుడు గ్లాసు మీద చెంచాతో అప్పుడప్పుడు తట్టి, చివర్లో లెక్క అడగండి. పులిజూదంలో గాయపడిన మనిషి ఎత్తు చెబితే కాయలు మీరు జరపవచ్చు.

గాయం ఛాతీ మధ్యభాగంలోని ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ అంతకు పైన గానీ ఉన్నవారికి ఉన్నట్టుండి తలపోటు, ముఖాన చెమటలు వస్తే సాధన ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, మూత్రపు గొట్టం మడత పడిందేమో చూసి, తగ్గకపోతే అత్యవసర వైద్యం పిలవాలి.

రోజూ ఎన్నిసార్లు గుర్తుచేయవలసి వచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ అంకె నెల గడిచినా తగ్గకపోతే, ఆ పుస్తకం తీసుకుని జ్ఞాపకశక్తిని పరీక్షించే క్లినికల్ సైకాలజిస్టునో రోజువారీ పనులు తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టునో కలవండి.